అరువు తెచ్చిన బోర్డు

ఆ సోమవారం ఉదయం క్లినిక్ తలుపు తీసి, వరండా ఊడ్చి, కంప్యూటర్ స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టగానే రోజూ వినిపించే సన్నటి రొద మాత్రం రాలేదు. డిస్కు కనబడటం లేదన్న వాక్యం ఒకటి తెర మీద వచ్చి ఆగిపోయింది. ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే వాక్యం. పెట్టె మూత విప్పి డిస్కు మీద అరచెయ్యి పెట్టి చూశాను. తిరిగే డిస్కు చేతికి తెలుస్తుంది. ఇది రాయిలా ఉంది. ఇంకాస్త వంగితే కాలిన వాసన తగిలింది.

వరండాలో అప్పటికే నలుగురు పేషెంట్లు కూర్చుని ఉన్నారు.

మా క్లినిక్ గచ్చిబౌలి పాత ఊళ్ళో, ఖాజాగూడ వైపు పోయే దారి మొదట్లో ఉండేది. రెండు గదులు, ఒక వరండా, వెనక రేకుల షెడ్డు. డాక్టరమ్మ తెనాలి వైపు మనిషి. ప్రభుత్వ ఆసుపత్రిలో రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కొనుక్కుని ముందు భాగంలో క్లినిక్ పెట్టింది. నాది నంద్యాల దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, హైదరాబాదు వచ్చి, టీవీలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో రెండేళ్ళు రిపేరు బల్ల దగ్గర పనిచేశాను. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. నా భర్త మాదాపూర్‌లో లేస్తున్న కొత్త భవనాల్లో వైరింగ్ పని చూసేవాడు. ఆయన పనికి దగ్గరని ఇటు వచ్చి ఉంటూ, నేను ఈ క్లినిక్‌లో చేరాను. పేర్లు రాయడం, మందుల చీటీలు చూసి మాత్రలు కట్టివ్వడం నా పని. వచ్చేవాళ్ళలో ఊరివాళ్ళు, క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళు, కొత్త భవనాలకు కూలికొచ్చిన వాళ్ళు ఎక్కువ. చాలామందికి తమకున్న జబ్బు పేరు తెలియదు, వాడే మందు పేరు అసలే తెలియదు. అన్నీ మా దగ్గరే రాసి ఉండాలి.

మొదట అవి పసుపుపచ్చ అట్ట కార్డుల మీద ఉండేవి. ఒక్కో కార్డు వెతకడానికి పది నిమిషాలు పట్టేది. డాక్టరమ్మను పోరి కంప్యూటర్ కొనిపించింది నేనే. ఎనిమిది నెలలు కూర్చుని కార్డులన్నీ అందులోకి ఎక్కించాను. ఖాళీ అయిన గదిలో మంచం వేసుకోవచ్చని, కార్డుల్ని సంచుల్లో కట్టి షెడ్డులో పెట్టించాను. ఆ వానల్లో షెడ్డు కారింది, చెదలు పట్టాయి. వేసవిలో వాటిని దగ్గరుండి తగలబెట్టించింది కూడా నేనే.

ప్రతి శనివారం రికార్డుల నకలు ఒకటి ఫ్లాపీల్లోకి తీసి పెట్టాలని ఒప్పందం. దసరా వరకూ తీశాను. ఆ తర్వాత ఫైలు పెద్దదై మూడు ఫ్లాపీల్లో పట్టడం మానేసింది. కొత్త ఫ్లాపీలు తేవాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఫిబ్రవరి దాకా వచ్చాను. డాక్టరమ్మ అప్పుడప్పుడూ "నకలు తీశావామ్మా?" అని అడిగేది. "తీశానండి" అనేదాన్ని.

ఆ సోమవారం మధ్యాహ్నం ఒక్కదాన్నే పాత ఫ్లాపీలు మూడూ తీసుకెళ్ళి, ఊళ్ళో బడిలో ఉన్న కంప్యూటర్‌లో పెట్టి చూశాను. మొదటిది తెరుచుకుంది. రెండోది కీచుమని శబ్దం చేసి ఆగిపోయింది. మూడు ముక్కలూ ఉంటేనే ఫైలు కూడుతుంది. అంటే దసరా నాటివి కూడా పోయినట్టే.

డాక్టరమ్మకు డిస్కు చెడిపోయిందని మాత్రం చెప్పాను. శనివారం సాయంత్రం కరెంటు పోయి, వచ్చి, బల్బులు ఒక్కసారి భగ్గుమన్న సంగతి చెప్పాను. ఫ్లాపీల మాట ఎత్తలేదు. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కొత్త డిస్కు తెప్పిద్దాం. నకలు ఉందిగా," అంది. నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఇప్పటికీ నాకు గుర్తొస్తూ ఉంటుంది.

మంగళవారం సికింద్రాబాద్ వెళ్ళి, కంప్యూటర్ అమ్మిన షాపులో డిస్కు చూపించాను. షాపతను చేతిలో ఆడించి చూసి, "బోర్డు కాలింది. కొత్తది పెట్టుకోండి. లోపలున్నది మా బాధ్యత కాదు," అన్నాడు. లోపలున్నదే కావాలని అడిగితే, బొంబాయిలో దుమ్ము లేని గదుల్లో డిస్కులు విప్పేవాళ్ళు ఉన్నారని, నెలన్నరైనా పడుతుందని, అయినా రావచ్చు, రాకపోవచ్చని అన్నాడు. కొత్త డిస్కు తెచ్చి నేనే బిగించాను. కంప్యూటర్ నడిచింది. లోపల ఏమీ లేదు.

బుధవారం ఉదయం ఖాజాగూడ గుట్టల దగ్గర గుడిసెల నుంచి ఒకామె వచ్చింది. రాళ్ళు కొట్టే మనిషి. ఇరవై రెండేళ్ళుంటాయి, ఆరో నెల కడుపు. రాతి పెచ్చు ఎగిరి ఎడమ పాదంలో దిగి నాలుగు రోజులైంది. పాదం చీలమండ దాకా ఉబ్బి, చర్మం మెరుస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరమ్మ గాయం కడిగి, చీము తీసి, సూది మందు తియ్యమని నాకు సైగ చేసింది. అప్పుడా అమ్మాయి లేచి కూర్చుంది.

"సూదంటే నాకు భయమైతుందమ్మా. పోయిన వానకాలం నువ్వు సూదిస్తే ఒళ్ళంత దద్దుర్లొచ్చినయ్, ఊపిరాడలే. మల్ల నువ్వే బతికిచ్చినవ్."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏ సూది?"

"నాకేమెర్క. నువ్వే రాస్కున్నవ్ గద."

డాక్టరమ్మ నా వంక చూసి, "తీసి చూడమ్మా," అంది.

నకలు ఇంకా ఎక్కించలేదని, రేపటికి సిద్ధమవుతుందని చెప్పాను. డాక్టరమ్మ నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ఆ బల్ల మీదే పడుకోబెట్టి తేరుకునేలా చేశాను. దానికి ముందు ఇచ్చింది పెన్సిలినో, నొప్పి సూదో గుర్తు రావట్లేదు. ఇద్దరు ముగ్గురి సంగతి కలిసిపోతోంది. ఈ పాదానికి పెన్సిలిన్ ఇస్తే లొంగుతుంది. అదే పడనిదైతే చేతులారా చంపినట్టవుతుంది. కడుపులో బిడ్డ ఉంది, అన్ని మందులూ ఇవ్వలేను. ఇవాళ్టికి మాత్రలిస్తాను. రేపటికి నువ్వు ఎలాగైనా చూపించు."

పెద్దాసుపత్రికి పొమ్మంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. గురువారం క్లినిక్‌కు సెలవు. అయినా సాయంత్రం లోపల రమ్మని చెప్పి పంపింది డాక్టరమ్మ.

ఆ మధ్యాహ్నం కాలిన డిస్కును తిరగేసి కిటికీ వెలుతురులో చూశాను. డిస్కు అడుగున అరచెయ్యంత ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. దాని మీద ఒక నల్లటి చిప్పు మధ్యలో ఆవగింజంత గుంట పడింది. డిస్కును తిప్పే మోటారుకు కరెంటు అందించే చిప్పు అది. టీవీల్లో ఇలాంటివి ఎన్నో చూశాను. లోపలి పళ్ళేలు, వాటి మీద రాసింది బాగానే ఉండి ఉండాలి. ఇలాంటిదే ఇంకో బోర్డు దొరికితే, అరగంట సేపు దానికి తగిలిస్తే, లోపలున్నది బయటికి లాగవచ్చు. అచ్చంగా ఇలాంటిదే కావాలి. కంపెనీ, రకం, తయారైన నెల అన్నీ కలవాలి.

అలాంటిది ఒకటి ఎక్కడుందో నాకు తెలుసు. మా ఎదురుగా డీటీపీ షాపు ఉండేది. అందులో పెళ్ళి పత్రికలు, దరఖాస్తులు కంపోజ్ చేసే అన్న ఈ ఊరివాడే. నలభై ఏళ్ళుంటాయి. మొదట టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, తర్వాత కంప్యూటర్ పెట్టాడు. డాక్టరమ్మా ఆయనా ఒకే రోజు, ఒకే షాపులో కంప్యూటర్లు కొన్నారు. రెండింటినీ ఒకే ఆటోలో తెచ్చింది నేనే.

సాయంత్రం వెళ్ళి అడిగాను. "నీ డిస్కు రేపొక్క పూట అరువియ్యన్నా. దాని బోర్డు తీసి మాదానికి తగిలించి, మళ్ళీ నీది నీకు పెట్టిస్తాను."

ఆయన కీబోర్డు మీద నుంచి చేతులు తీశాడు. "నా దాంట్ల ముప్పై రెండు లగ్గం పత్రికలున్నయ్ చెల్లే. వచ్చే నెల లగ్గాలు. ఒక్కటి గూడ ఇంక ప్రెస్సుకు పోలే. దేనికన్న ఏమన్న అయితదా?"

"ఏమీ కాదన్నా," అన్నాను.

పాదం వాచిన అమ్మాయి సంగతి చెప్పాను. ఆయన "జర సోంచాయించుకోనియ్యి," అన్నాడు. మర్నాడు ఉదయం పది గంటలకు డిస్కును తువ్వాలులో చుట్టుకుని తనే వచ్చాడు.

పేషెంట్లను పరీక్షచేసే బల్లను కిటికీ దగ్గరికి జరిపి, ఉతికిన ఆకుపచ్చ గుడ్డ పరిచి, రెండు డిస్కులూ పక్కపక్కన పెట్టాను. మరలు నక్షత్రం ఆకారంలో ఉన్నాయి. వాటికి సరిపోయే స్క్రూడ్రైవర్ నా దగ్గర లేదు. సన్నటి చదును స్క్రూడ్రైవర్ మొనను ఆకురాయితో రాసి, అడ్డంగా పట్టేలా చేసుకున్నాను. మా డిస్కు మరలు ఆరూ వచ్చేశాయి. అన్న డిస్కువి ఐదు వచ్చాయి. ఆరోది జారింది. ఇంకోసారి ఒత్తి తిప్పితే దాని తల కాస్త అరిగి వెండి పొడి రాలింది. ఆయన నా చేతుల మీదికి వంగి ఊపిరి బిగబట్టడం నాకు చెవి పక్కనే తెలుస్తోంది. మొన మీద బరువంతా వేసి, వెంట్రుకవాసి తిప్పాను. కదిలింది.

బోర్డు చేతిలోకి వచ్చింది. చిన్న బిస్కెట్టంత బరువు. మా డిస్కులో కాలింది బోర్డు మాత్రమే అయితే సరే. లోపల మోటారు తీగలు కూడా కాలి ఒకదానికొకటి అంటుకుని ఉంటే, ఏ బోర్డు తగిలించినా క్షణంలో అదీ కాలిపోతుంది. అన్నకు ఆ మాట చెప్పలేదు. ఏమీ కాదని చెప్పాను. డాక్టరమ్మ ముందు తల ఊపినట్టే.

"అన్నా," అన్నాను. "నిన్న నీకు పూర్తిగా చెప్పలేదు. మా డిస్కు లోపల కూడా చెడి ఉంటే నీ బోర్డు కాలుతుంది. అప్పుడు నీ పత్రికలు కూడా పోతాయి. ఇప్పుడైనా వద్దంటే ఇది మళ్ళీ నీదానికే బిగించి ఇచ్చేస్తాను."

ఆయన ముఖం ముడుచుకుంది. "గిది నిన్ననే చెప్పాలె గద."

"చెప్పాల్సింది. చెప్తే ఇవ్వవని భయపడినాను."

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూశాను. తన షాపు మెట్టు మీద కూర్చున్నాడు. ఒక లారీ కంకర పోసుకుంటూ పోయింది. దుమ్ము అణిగేదాకా అలాగే కూర్చున్నాడు. నేను మీటరు తీసి, మా డిస్కు మోటారు చివరలు ఒక్కొక్కటే కొలిచాను. మూడు చుట్లూ ఒకే లెక్క చూపించాయి. తీగలు కాలలేదనడానికి అది మంచి గుర్తు, పూర్తి హామీ మాత్రం కాదు. ఆయన తిరిగి వచ్చినప్పుడు ఆ కొలతలు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"నువ్వైతే పెడ్తవా?" అని అడిగాడు.

"నాదైతే పెడ్తా. నాది కాదు కాబట్టే అడుగుతున్నా."

"ఇగ పెట్టు," అన్నాడు.

బోర్డు బిగించి, డిస్కును మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టి, కంప్యూటర్‌లోంచి లాగిన తీగలు తగిలించాను. డాక్టరమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. స్విచ్చి వేశాను. వెంటనే ఆపడానికి వీలుగా వేలు దాని మీదే ఉంచాను. వాసన రాలేదు. ఒకటి, రెండు అనుకునేలోగా డిస్కు లోపల ఏదో కదిలి, సన్నగా మొదలై, గొంతు పెంచుకుని, ఒక స్థాయిలో నిలబడింది. తెర మీద రెండు డిస్కుల పేర్లూ వచ్చాయి.

సంతోషించే తీరిక లేదు. అన్నిటికంటే ముందు రికార్డుల ఫైలును కొత్త డిస్కులోకి పంపడం మొదలుపెట్టాను. కొంతదూరం పోయి ఆగింది. చదవలేకపోతున్నాను, మళ్ళీ ప్రయత్నించనా అని అడిగింది. ప్రయత్నించమన్నాను. గరగరమని తడుముకుని, ముందుకు జరిగింది. మళ్ళీ ఆగింది. అలా నాలుగుసార్లు ఆగింది. ఐదోసారి తడుముకుంటూ ఉండగా క్వారీ వైపు నుంచి ఈల వినిపించింది.

ఆ రోజుల్లో రోజూ పన్నెండున్నరకు గుట్టల్లో రాయి పేల్చేవారు. ముందు ఈల ఊది ఎర్రజెండా చూపించేవారు. మా గదిలో అద్దాలు గిలగిల్లాడేవి. అలవాటైపోయి నేనా సంగతే మర్చిపోయాను. తిరుగుతున్న డిస్కుకు చిన్న అదురు తగిలినా లోపలి చదివే ముల్లు పళ్ళెం మీద గీసుకుపోతుంది. ఆపేద్దామంటే, సగంలో ఉన్న ఈ డిస్కు ఇంకోసారి తిరుగుతుందన్న నమ్మకం లేదు.

డిస్కును తువ్వాలుతో సహా రెండు అరచేతుల్లోకి తీసుకుని బల్ల మీద నుంచి బెత్తెడెత్తు లేపాను. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని నిలబడ్డాను. అరచేతుల్లో అది వెచ్చగా తిరుగుతోంది. అన్న తీగలు లాగబడకుండా పట్టుకున్నాడు. పేలుడు వచ్చింది. కిటికీ అద్దాలు మోగాయి, బల్ల మీది కత్తెర జారి కింద పడింది, పైకప్పు సున్నం నా జుట్టులో రాలింది. ఆ అదురు అరికాళ్ళలోంచి మోకాళ్ళ దాకా వచ్చింది. రెండోది, మూడోది. డిస్కు రొదలో తేడా రాలేదు. తెర మీద ఫైలు జరుగుతూనే ఉంది.

ఒంటిగంటకు కాస్త ముందు మొత్తం వచ్చేసింది. కానీ మా ప్రోగ్రాంలో తెరవబోతే, ఇది రికార్డుల ఫైలే కాదంది. ముందు భాగం ఎక్కడో దెబ్బతిన్నట్టుంది. దాన్ని తర్వాత చూసుకోవచ్చు. ముందు అన్న బోర్డు అన్నకు పెట్టెయ్యాలనుకున్నాను. ఆయన అడగలేదు, కానీ కళ్ళు ఆ బోర్డు మీదే ఉన్నాయి. విప్పి, ఆయన డిస్కుకు బిగించి, రెండు గంటలు కావస్తుండగా తీగలు తగిలించి స్విచ్చి వేశాను.

ఏ చప్పుడూ లేదు.

తెర మీద కొత్త డిస్కు పేరు ఒక్కటే వచ్చింది. ఆపి, తీగలు ఊడదీసి, ఒత్తి పెట్టి, మళ్ళీ వేశాను. చప్పుడు లేదు. మూడోసారి విప్పి చూద్దామని ఆపబోతుంటే ఫ్యాను దానంతటదే ఆగిపోయింది. కరెంటు పోయింది. రోజూ రెండు నుంచి నాలుగు దాకా కోత.

అన్న గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. నేను బోర్డు విప్పి కిటికీ వెలుతురులో వెతికాను. మోటారుకు తగిలే చిన్న ఇత్తడి నాలుకల మధ్య ఆకుపచ్చ గుడ్డ పోగు ఒకటి, కంటికి ఆనీ ఆననట్టు ఇరుక్కుని ఉంది. అదే కారణం కావచ్చు, కాకనూ పోవచ్చు. పోగు తీసి, నాలుకల్ని రబ్బరుతో రుద్ది, డాక్టరమ్మ ఇచ్చిన స్పిరిట్‌తో తుడిచి, బిగించాను. అరిగిన తల ఉన్న మరను మాత్రం పెట్టలేదు. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు. రెండు గంటలు కూర్చోవాలి.

డాక్టరమ్మ మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. "ఇంత కష్టపడ్డం దేనికమ్మా? నకలు ఎక్కిస్తే సరిపోయేది కదా. ఇది చెడిపోతే పాపం ఈయన గతేంటి?" అంది.

అన్న నా వంక చూశాడు. నకలు లేదన్న సంగతి ఆయనకీ తెలియదు.

"నకలు లేదండి," అన్నాను. గ్లాసు కింద పెట్టాను. "దసరా నుంచీ తియ్యలేదు. మీరు అడిగినప్పుడల్లా తీశానని అబద్ధం చెప్పాను. అంతకుముందువి కూడా తెరుచుకోవట్లేదు."

డాక్టరమ్మ నా గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె కోప్పడితే బాగుండునని కోరుకున్నాను.

"సోమవారమే చెప్పి ఉంటే," అంది, "నిన్న ఆ అమ్మాయిని మాత్రలిచ్చి పంపేదాన్ని కాదు. నేనే దగ్గరుండి ఆటో ఎక్కించి పెద్దాసుపత్రిలో చేర్పించేదాన్ని. రికార్డు రేపొస్తుందన్న ధైర్యంతో పంపాను. ఒక రోజు పోయింది కదమ్మా."

నేను గ్లాసులు తీసుకెళ్ళి కడిగాను.

మూడు దాటాక ఆ అమ్మాయి వచ్చింది. అత్త భుజం పట్టుకుని, ఎడమ కాలు నేలకు ఆనకుండా కుంటుతూ వరండా ఎక్కింది. వాపు చీలమండ దాటి పిక్క దాకా పాకింది. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి పెదవి బిగించింది. కరెంటు వస్తే సరే, నాలుగున్నరకల్లా రాకపోతే ఆటో పిలవమంది. అత్త వరండాలో గోడకు జేరబడి, "ఏందమ్మా, సూదియ్యడానికి గూడ కరెంటు గావాల్నా?" అని అడిగింది.

నాలుగు దాటి పది నిమిషాలకు ఫ్యాను తిరిగింది. కంప్యూటర్‌కు అన్న డిస్కు తగిలించి ఉంది. దాన్ని చూడాలా, ఫైలు చూడాలా అని నా చెయ్యి తటపటాయించింది. ఆయన లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నా డిస్కు తీగ పీకి పక్కకు పెట్టు. ముందుగాల ఆమెది సూడు. నాది యాడికి పోదు."

ప్రోగ్రాంతో పని లేకుండా ఫైలును మామూలు రాతలా తెరిచాను. తెరంతా పిచ్చి గుర్తులు, వాటి మధ్య అక్కడక్కడా నేను కొట్టిన ఇంగ్లీషు మాటలు. కిందికి జరిపేకొద్దీ గుర్తులు తగ్గి, పేర్లు, ఊళ్ళు, మందులు వరసగా కనిపించాయి. ఆ అమ్మాయి పేరు వెతికించాను. మొదట దొరికినామెకు అరవై ఏళ్ళు. రెండో ఆమె గచ్చిబౌలి. మూడో చోట ఖాజాగూడ, క్వారీ, భర్త పేరు అన్నీ కలిశాయి. డాక్టరమ్మ నా భుజం మీదుగా వంగి, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా చదివింది.

"నొప్పి సూది," అంది. "నొప్పి సూది పడలేదు. పెన్సిలిన్ అంతకు ముందు రెండుసార్లు ఇచ్చాను. ఏమీ కాలేదు. రాశాను చూడు." ఆ రాతల్ని ఇంకోసారి మొదటినుంచి చదివింది. తర్వాత వెళ్ళి, అమ్మాయి ముంజేతి చర్మం కింద చుక్క మందు ఎక్కించి, గడియారం చూస్తూ అరగంట పక్కనే కూర్చుంది. దద్దురు లేవలేదు. అప్పుడు పూర్తి మందు ఇచ్చింది.

ఆ అరగంటలోనే అన్న డిస్కు తగిలించి స్విచ్చి వేశాను. ఆయన తెర వైపు చూడలేదు, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. రొద మొదలైంది. మొదలై, నిలబడింది. పత్రికలున్న చోటు తెరిచి ఒక్కొక్కటీ చూపించాను. ఆయన ముప్పై రెండూ లెక్కపెట్టుకున్నాడు. ఒకదాంట్లో పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పు పడిందని గమనించి, అక్కడే నిలబడి దిద్దాడు. తర్వాత డిస్కును తువ్వాలులో చుట్టుకుంటూ, "చెల్లే, నీ చేతి పని మంచిదే. గని ఇంకోపారి నా తాన మాట దాచకు," అని వెళ్ళాడు. అప్పటినుంచి కొన్ని నెలలు ఆయన నాతో అవసరమైనంతే మాట్లాడాడు. క్లినిక్ ముందు నుంచి పోతూ డాక్టరమ్మకు నమస్తే పెట్టేవాడు.

ఆ అమ్మాయికి పది రోజులు సూదులు పడ్డాయి. పాదం నిలిచింది, చిటికెన వేలు మాత్రం తీసెయ్యాల్సి వచ్చింది. ఒక రోజు ముందు మొదలుపెట్టి ఉంటే ఆ వేలు ఉండేదా అని ఒకసారి డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేనమ్మా," అంది. వేసవిలో కాన్పయింది. ఆడపిల్ల.

ఫైలు ముందు భాగాన్ని అదే ప్రోగ్రాంలో చేసిన ఖాళీ ఫైలు నుంచి తెచ్చి అతికిస్తే ప్రోగ్రాం తెరుచుకుంది. చివరి మూడు వారాల రాతలు, మధ్యలో ఇంకో అరవై డెబ్భై మందివి చెడిపోయాయి. ఒక పుస్తకం పట్టుకుని ఆదివారాలు గుడిసెలకు, ఊళ్ళోకి తిరిగి వాళ్ళను అడిగి మళ్ళీ రాసుకొచ్చాను. సగం మంది పనులు ముగించుకుని వేరే చోటికి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. వాళ్ళ పేర్ల పక్కన ఖాళీ వదిలేశాను.